పాత గుమ్మం దగ్గర దింపేసిన మూట

ఉదయం పదిన్నర. తెల్లవారుజామున పట్టిన వాన తొమ్మిదింటికి వెలిసింది. కాని మబ్బు విడవలేదు, గాలి కదలలేదు, ఆరేసిన బట్ట ఏదీ సాయంత్రంలోగా ఆరే సూచన లేదు. పెద్దాయన విధించిన గడువు ఆ శనివారంతో తీరుతుంది.

కిందటి వారం మనం ఈ కుటుంబాన్ని విడిచిపెట్టిన స్థితి ఇది. పెద్దాయన నడిపేది వినికిడి యంత్రాల కేంద్రం. అక్కడికి వచ్చేవారిలో చాలామంది ఫోనులో మాట్లాడలేరు. అవతలి మాట వినపడదు. కాబట్టి కేంద్రం వెబ్‌సైట్‌లో ఉన్న ఫారమే వారి నోరు. పేరు, ఫోను నంబరు, అవసరం రాసి మీట నొక్కితే, ఆ వివరాలు ఈమెయిల్‌గా కోడలికి చేరాలి. కొద్ది వారాలుగా ఈమెయిళ్ళు చేరుతూనే ఉన్నాయి. వాటిలో వివరాలు మాత్రం ఉండటం లేదు. 'పేరు' అని ఉంటుంది, పక్కన తెల్లటి ఖాళీ. 'అవసరం' అని ఉంటుంది, పక్కన ఏమీ ఉండదు. విస్తరి వేసి వడ్డించడం మరిచిపోయినట్టు ఒకదాని తర్వాత ఒకటి వచ్చిపడుతున్నాయి.

వెబ్‌సైట్ కట్టినవాడు ఆ ఇంటి అల్లుడు. పెళ్ళికి ముందు అతనికి ఏదో పేరు ఉండే ఉంటుంది. కేంద్రంలో మాత్రం అందరూ చాటుగా సర్వజ్ఞుడనే అంటారు. ఆ ఖాళీ ఈమెయిళ్ళు పనిలేనివాళ్ళు పంపే చెత్త అనీ, అసలైన ఉత్తరాలను కోడలే చూసుకోకుండా చెరిపేసిందనీ అతడు తేల్చాడు. పెద్దాయన నమ్మాడు. నమ్మడానికి ఆధారం ఒక్కటే: అల్లుడు గట్టిగా చెప్పాడు. యాభై ఏళ్ళు ఇతరుల వినికిడిని కొలిచిన మనిషికి గట్టిగా చెప్పడానికీ నిజం చెప్పడానికీ తేడా తెలియకపోవడం విచిత్రమే. శనివారంలోగా ఉత్తరాలు ఏమయ్యాయో చూపించాలి, లేకపోతే పరీక్షగది తాళాలు అల్లుడికి అప్పగించి కోడలు ఇంటిపట్టున ఉండాలి అని ఆయన ఆజ్ఞ. ఆ గది గోడలకు మెత్తలు వేయించిన దగ్గరనుంచి, గాజు కిటికీ బిగించి బయటి చప్పుడు పూర్తిగా ఆపించిన దాకా దగ్గరుండి నిలబెట్టింది కోడలే. వినికిడి శాస్త్రం చదివినదీ ఆమే. సర్వజ్ఞుడు చదివింది మరేదో. అది కూడా పూర్తిగా కాదు.

ముందు గదిలో పెద్దాయన తన పాత తోలు కుర్చీలో కూర్చున్నాడు. సర్వజ్ఞుడు టీ కప్పు పట్టుకొని కిటికీ గట్టుకు ఆనుకొని నిలబడ్డాడు. ఎదుటి బల్ల దగ్గర కోడలు, ఆమె పక్కన ఆమె తల్లి. ఈ తల్లి విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం బోధించి విరమించిన మనిషి. వియ్యాలవారింట్లో ఆమెను లెక్చరరమ్మ అంటారు. ఆ మాటలో ఎంత గౌరవం ఉందో అంత భయం కూడా ఉంది. వెనక గది తలుపు ఓరగా తీసి ఉంది. అక్కడ పెద్దాయన కొడుకు, అంటే కోడలి భర్త, చెడిపోయిన యంత్రాలు విప్పి బాగుచేస్తాడు. భార్య మీద నింద పడిన నాటినుంచి అతడు ఆ తలుపు దాటి ఒక్క మాట బయటికి రానివ్వలేదు.

"ఏమ్మా, తాళాలు టీకి ముందు ఇస్తావా, తర్వాతా?" అన్నాడు సర్వజ్ఞుడు.

"తొందరేముంది అన్నయ్యగారూ? శనివారం ఇంకా పూర్తి కాలేదు," అంది కోడలు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "చెల్లెమ్మా, మీరొచ్చారు, సంతోషం. కాని ఇది ఆఫీసు విషయం."

"ఆఫీసు విషయం కాబట్టే కూర్చున్నాను అన్నయ్యగారూ," అంది లెక్చరరమ్మ. "ఇంటి విషయమైతే నోరెత్తేదాన్నా? మీ ఇంట్లో ఎవరి మాట ఎవరి చెవిన పడుతుంది కనక!"

అంతలో వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. ఖాకీ చొక్కా వేసుకున్న ఒకావిడ తడి చెప్పులతో లోపలికి వచ్చింది. బస్సు కండక్టరు. తన గొంతు తనకు సరిగా వినపడనివారు మాట్లాడినట్టే, గోడలు అదిరేలా మాట్లాడింది.

"ఇక్కడ మనుషులున్నారా, బొమ్మలా? మూడుసార్లు రాశాను. మూడుసార్లు! పలికినవాడు లేడు!"

సర్వజ్ఞుడు టీ కప్పులోకి చూస్తూ ఏదో గొణిగాడు.

"మొహం ఇటు తిప్పి మాట్లాడు బాబూ. నా చెవులు ఇప్పుడు నీ పెదాల మీదున్నాయి. కప్పు అడ్డం పెట్టుకుంటే నాకెట్టా తెలుస్తుంది?"

కోడలు లేచి ఎదురుగా నిలబడి, తొందరపడకుండా, పెదాలు స్పష్టంగా కదిలేలా అడిగింది. "ఏం జరిగిందో చెప్పండి. మీరేం రాశారు?"

కండక్టరమ్మ చెప్పిన సంగతి ఇది. ఆమెకున్న ఒక్క ఆసరా, కుడిచెవి యంత్రం, మూగబోయింది. ఎవరో ప్రయాణికుడు స్టాపు రాకముందే దిగుతానని కేక వేస్తే ఆమెకు వినపడలేదు. అతడు ఫిర్యాదు చేశాడు. సోమవారం డిపోలో వైద్యుల ముందు నిలబడాలి. కొత్త యంత్రంతో వినికిడి ఎంత ఉందో ఈ కేంద్రం నుంచి పత్రం చూపిస్తే బస్సెక్కనిస్తారు. లేకపోతే డిపోలో ఓ మూల కుర్చీ వేస్తారు.

"కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం నాకొద్దమ్మా. ఇన్నేళ్ళూ నిలబడి చేశాను. అందుకని తొందరగా రమ్మనండి అని రాశాను. రాసి రాసి వేళ్ళు అరిగాయి."

"ఫారం సరిగ్గా నింపి ఉండరు," అన్నాడు సర్వజ్ఞుడు, ఈసారి మొహం తిప్పి. "చాలామందికి అలవాటుండదు కదా. మీట నొక్కేస్తారు, రాయడం మర్చిపోతారు."

"కదిలే బస్సులో ఒంటికాలి మీద నిలబడి అటు టికెట్టు, ఇటు చిల్లర ఇచ్చేదాన్ని. నా పేరు నేను రాసుకోలేనంటావా? పోనీ, ఎండాకాలంలో ఇదే ఫోను నుంచి, ఇదే ఫారంలో రాస్తే సాయంత్రానికల్లా జవాబొచ్చిందే! అప్పుడు రాయడం వచ్చి, వానాకాలం రాగానే మర్చిపోయానా?"

లెక్చరరమ్మ కూతురి వైపు చూసింది. కూతురు అప్పటికే ఆ మాట పట్టుకుంది. కారణం కోసం వెతికేవారికి కావలసింది రెండు సంఘటనలు: ఒకటి పని జరిగినది, మరొకటి జరగనిది, తక్కినదంతా సమానం. మనిషి అదే, ఫోను అదే, ఫారం అదే. మరి ఎండాకాలానికీ వానాకాలానికీ నడుమ మారింది ఏమిటి?

"తాళం గుర్తు," అంది కోడలు నెమ్మదిగా. "ఈ రెంటికీ మధ్య మనం మార్చింది అదొక్కటే."

ఆ తాళం గుర్తు కథ పెద్దాయన ప్రతిష్ఠకు సంబంధించినది. పోటీ కేంద్రం వారి వెబ్‌సైట్ చిరునామా పక్కన చిన్న తాళం బొమ్మ కనిపించిందనీ, తమ చిరునామా పక్కన అది లేదనీ ఆయన రెండు రోజులు భోజనం సరిగా చేయలేదు. ఆ తాళం, పంపిన వివరాలు దారిలో ఎవరూ చదవకుండా కాపాడే ఏర్పాటుకు గుర్తు అని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఆయనకు కావలసింది బొమ్మ. సర్వజ్ఞుడు తెచ్చిపెట్టాడు. ఆ సందర్భంగా కేంద్రంలో చిన్న విందు కూడా జరిగింది.

"తాళం భద్రత కోసం. దానికీ దీనికీ ఏం సంబంధం?" అన్నాడు సర్వజ్ఞుడు. "ఇప్పుడే చూపిస్తాను, చూడండి."

అతడు తన ల్యాప్‌టాప్ తెరిచి, అందరూ చూస్తుండగా ఏదో రాసి పంపాడు. కోడలి కంప్యూటర్‌లో ఈమెయిల్ వచ్చింది. పేరుంది, నంబరుంది, 'అవసరం' పక్కన 'అంతా బాగుంది' అని కూడా ఉంది. పెద్దాయన మొహం వెలిగింది.

"చూశారా మామయ్యగారూ? వారం వారం పరీక్షిస్తూనే ఉన్నాను. ఎప్పుడూ తేడా రాలేదు."

"ఎప్పుడూ మీ పెట్టె నుంచేనా నాయనా?" అంది లెక్చరరమ్మ.

"ఎక్కడినుంచైతే ఏంటండీ?"

"ఏం లేదు. వంటవాడు తన వంట తానే రుచి చూసి బాగుందంటే, విందు అయిపోయినట్టు కాదు కదా అని."

కోడలు కండక్టరమ్మ ఫోను అడిగి తీసుకుంది. అదే ఫారం తెరిచి, ఆవిడ చేతనే నింపించింది. మీట నొక్కారు. ఈమెయిల్ వచ్చింది. పేరు: ఖాళీ. నంబరు: ఖాళీ. అవసరం: ఖాళీ. కండక్టరమ్మకు ఎటూ వినపడదు కాబట్టి ఆమె అందరి పెదాలనూ వరసగా చూసి, ఏదీ కదలకపోవడంతో, "ఏమైంది, చచ్చారా అందరూ?" అంది.

కోడలు ఆ పేజీ వెనక ఉన్న రాతను తెరమీదికి తెచ్చింది. తెలిసినవారెవరైనా చూడగలిగినదే అది. ఇన్ని వారాలుగా చూడవలసినవాడు చూడలేదు. ఒక వరుస మీద వేలు పెట్టింది.

"మామయ్యగారూ, తాళం పెట్టాక మన వెబ్‌సైట్‌కి కొత్త చిరునామా వచ్చింది. పాత చిరునామాకి ఎవరొచ్చినా కొత్తదానికి మళ్ళించేలా అన్నయ్యగారు ఏర్పాటు చేశారు. అంతవరకు సరే. కాని ఈ ఫారం వివరాలు పంపేది ఇంకా పాత చిరునామాకే. ఇక్కడ మార్చలేదు. వివరాలు పాత గుమ్మం దాకా వెళ్తాయి. అక్కడ 'ఇటు కాదు, అటు వెళ్ళండి' అంటారు. ఫోను అటు వెళ్తుంది. వివరాలు మాత్రం దాంతో వెళ్ళవు, అక్కడే పోతాయి. కొత్త గుమ్మంలో ఉన్న ప్రోగ్రాం, ఎవరో వచ్చారు కదా అని మెయిల్ రాసి మనకి పంపేస్తుంది. అందులో రాయడానికి ఏమీ ఉండదు."

"అంటే," అంది లెక్చరరమ్మ, "అతిథులు పాత గుమ్మం దగ్గర మూట దింపేసి, చేతులూపుకుంటూ కొత్త గుమ్మంలోకి వస్తున్నారు. మీరేమో లోపల కూర్చుని, వీళ్ళు ఉత్తచేతులతో వచ్చిన దొంగలు అని తీర్మానించారు. బాగుంది."

"మరి వీడు పంపితే వచ్చిందే?" అన్నాడు పెద్దాయన. 'అల్లుడుగారు' అన్న మాట 'వీడు'గా మారడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"అన్నయ్యగారు పరీక్షించేది అందరూ వాడే పేజీ కాదు మామయ్యగారూ, ఇందాక ఆయన తెరమీద చూశాను. ఆయన తన కోసం కట్టుకున్న నమూనా పేజీ. అది మొదటినుంచీ కొత్త చిరునామాలోనే ఉంది. దానికి దారి మళ్ళింపు లేదు. అందుకే ఎప్పుడూ 'అంతా బాగుంది.'"

సర్వజ్ఞుడి చేతిలో టీ చల్లారిపోయింది. అతనికి తెలియనిది ఏదైనా ఉందని అతనికి తెలియకపోవడమే ఇన్నాళ్ళూ అతని బలం. "అది బ్రౌజర్ చేసే పని. దారి మళ్ళిస్తే వివరాలు వదిలేయమని నేను చెప్పానా? వాటి పద్ధతే అంత."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట," అంది లెక్చరరమ్మ. "మద్దెల పద్ధతి తెలియకుండా గజ్జె ఎందుకు కట్టారు నాయనా?"

"అమ్మా, ఊరుకో," అంది కోడలు. ఆమె గొంతులో గెలిచిన ఛాయ లేదు. గెలుపు కంటే పెద్ద సందేహం ఒకటి ఆమెను అప్పటికే తొలుస్తూ ఉంది. "అన్నయ్యగారి పొరపాటు పొరపాటే. కాని దాన్ని మొదటి రోజే పట్టుకోవలసింది. మామయ్యగారూ, తాళం విందు రోజు మీకు కోపం వచ్చింది, గుర్తుందా?"

పెద్దాయన ఇబ్బందిగా కదిలాడు. గుర్తుంది. పదిమంది అతిథుల ముందు ఆయన తన పేరు స్వయంగా ఆ ఫారంలో రాసి మీట నొక్కాడు. తెరమీద ఎర్రటి అక్షరాలు వెలిశాయి: మీరు వివరాలేవీ నింపలేదు. ఆయన మళ్ళీ రాశాడు. మళ్ళీ అవే అక్షరాలు. "నా కేంద్రంలో నా పేరు నేను రాసుకోలేదంటుందా ఈ పెట్టె!" అని అరిచి, మర్నాడు సాయంత్రంలోగా ఆ ఎర్ర అక్షరాలు కనపడకూడదని కేకలు వేశాడు. మరుసటి రోజు అవి కనపడలేదు. ఆయన సంతృప్తి చెందాడు.

"ఆ ఎర్ర అక్షరాలు నిజమే చెప్పాయి," అంది కోడలు. "ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళని గుమ్మంలోనే ఆపే కాపలా అది. మీరు రాశారు, దారిలో పోయింది, అది ఖాళీ అని చెప్పింది. ఆ రోజే ఎందుకు పోయిందని ఎవరైనా వెతికి ఉంటే ఈవిడకి ఈ గతి పట్టేది కాదు. వెతకలేదు. కాపలావాణ్ణి తీసేశారు. అప్పటినుంచి ఖాళీ మెయిళ్ళు మొదలయ్యాయి."

రోగం చూపించిన వేలిని నరికి రోగం కుదిరిందని సంతోషించే వైద్యం ఇది. ఆజ్ఞ ఇచ్చినవాడి అహంకారం అందులో సగం. అమలుచేసినవాడి పిరికితనం తక్కిన సగం.

పెద్దాయన తన వాటా మింగేసి అల్లుడి వైపు తిరిగాడు. "తీసేసి నోరు మూసుకుని కూర్చున్నావా? పైగా పిల్ల మీద నెడతావా?"

"నేను తీయలేదు!" సర్వజ్ఞుడి గొంతు కీచుమంది. "విందు అవగానే మేమిద్దరం రాత్రి బండికే ఊరెళ్ళాం మామయ్యగారూ! మీ అమ్మాయినడగండి! వారం తర్వాత కదా వచ్చాం! ఆ ప్రోగ్రాం నేను ముట్టుకోలేదు!"

అతడు ఆ ఉదయం పలికిన మాటల్లో నిజమైనది అదొక్కటే; ఎవరూ నమ్మలేదు. కోడలు మాత్రం నమ్మింది. ప్రోగ్రాం మీద ఆఖరిసారి ఎవరు చేయి పెట్టారో వెబ్‌సైట్ ఉండే సర్వర్‌లో చూసి, ఆమె తెర మీద వెలిగిన వరుసను రెండుసార్లు చదువుకుంది. మార్పు జరిగింది విందు మరుసటి రోజు. జరిగిన చోటు కేంద్రంలోనే ఉన్న ఒక కంప్యూటర్. ఆమె తల ఎత్తి, ఓరగా తీసి ఉన్న వెనక గది తలుపు వైపు చూసింది.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో సన్నటి స్క్రూడ్రైవర్ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తీసింది నేనే," అన్నాడు. "నాన్న అరుస్తుంటే... మర్నాడు సాయంత్రంలోగా అన్నారు కదా. బావ ఊళ్ళో లేడు. ఆ ఒక్క వరుస తీసేస్తే ఎర్ర అక్షరాలు రావు. తీసేశాను."

"నువ్వా?" అన్నాడు పెద్దాయన. అనవలసిన మాటలన్నీ తిరిగి తిరిగి తన కుర్చీ దగ్గరికే వస్తాయని ఆయనకు తెలిసింది కాబోలు. చివరికి, "తాళాలు నీ దగ్గరే ఉంచుకో అమ్మా," అన్నాడు కోడలితో, ఆమె మొహం చూడకుండా.

కోడలు ఆ మాట విననట్టే ఉంది. పెళ్ళయిన నాటినుంచి పదిమంది ముందు భర్తను 'మీరు' అని తప్ప పిలవని మనిషి, అప్పుడు అడిగింది:

"ఖాళీ మెయిళ్ళు దానివల్లే వస్తున్నాయని నీకు ఎప్పుడు తెలిసింది?"

అతడు తండ్రిని చూశాడు, బావను చూశాడు, చేతిలోని స్క్రూడ్రైవర్‌ను చూశాడు. "మొదటి వారమే."

"మొదటి వారమే," అంది లెక్చరరమ్మ. అంత తక్కువ మాటలతో ఆమె ఎవరినీ ఎన్నడూ తిట్టి ఉండదు. "మా అల్లుడు మంచివాడని ఊరంతా చెప్పుకున్నాను. నోట్లో నాలుక లేదనుకున్నాను. ఉంది. పళ్ళ వెనక దాచుకున్నాడు."

నింద ఎవరి వల్ల పడిందో అతనికి తెలుసు. రోజూ భార్య పక్కన కూర్చుని భోజనం చేశాడు. ఆమె పాత ఈమెయిళ్ళు ఒక్కొక్కటీ తెరిచి వెతుకుతుంటే దీపం వెలుగు కళ్ళలో పడుతోందని అటు తిరిగి పడుకున్నాడు. సర్వజ్ఞుడిది తెలివితక్కువతనం, దానికి మందుంది, ఎవరైనా చెబితే తెలుస్తుంది. ఇది తెలిసి చేసినది.

కోడలు తాళాల గుత్తి పిడికిట్లో బిగించింది. కండక్టరమ్మ ఎదురుగా వచ్చి, మొహం ఆమె వైపు తిప్పి, "రండి. మీ పరీక్ష చేద్దాం. కొత్త యంత్రం, పత్రం ఇవాళే ఇస్తాను," అంది.

"ఇవాళేనా? సోమవారం బస్సెక్కుతానా?"

"ఎక్కుతారు."

పరీక్షగదిలోకి వెళ్ళి, మెత్తలు కుట్టిన బరువైన తలుపు మూసింది. బయటి లోకం తెగిపోయింది. కండక్టరమ్మను గాజు కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, తాను కిటికీకి వీపు పెట్టి నిలబడి, ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు సరిచేస్తూ ఉంది. కోడలి మొహంలో ఏ మార్పూ లేదు. ఏడవడానికి ఆ గది అనువైనదే; బయటికి ఒక్క చప్పుడు పోదు. అయినా ఆమె ఏడవలేదు.

కండక్టరమ్మ చూపు ఆమె భుజం మీదుగా కిటికీ వైపు పోయింది. అక్కడే ఆగింది.

కొడుకు గాజుకు అవతల వచ్చి నిలబడ్డాడు. స్క్రూడ్రైవర్ ఎక్కడో వదిలేశాడు. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి మాట్లాడుతున్నాడు. ఇన్ని వారాలూ పెగలని నోరు ఇప్పుడు ఆగకుండా కదులుతోంది. లోపలికి ఒక్క అక్షరం వినపడదు. భార్య వెనక్కి తిరగలేదు.

"మేడమ్," అంది కండక్టరమ్మ. మొదటిసారిగా గొంతు తగ్గించే ప్రయత్నం చేసింది. "మీ ఆయన ఏదో చెప్తున్నాడు. నాకు తెలుస్తోంది. ఇది మీకు చెప్పాల్సిన మాటే అనిపిస్తోంది. చెప్పమంటారా?"

కోడలి చేతులు హెడ్‌ఫోన్ల మీద ఆగిపోయాయి.

పరీక్షగది కిటికీకి లోపలివైపున ఉన్న మందపాటి నీలం తెర ఆ తర్వాతి వారం కోడలే కుట్టించినది. ఏళ్ళు గడిచి, పెద్దాయన పోయి, కేంద్రం కోడలి పేరుకు మారి, గోడలకు రెండుసార్లు కొత్త రంగులు పడినా, ఆ తెరను మాత్రం ఎవరూ తీయలేదు.